వృక్షమిత్రుడు రాక్స్‌బర్గ్

పెరటిలో కొబ్బరి, పనస, అరటి ఉన్న ఇంటికి కరవుకాలంలో కొంత ఆధారం ఉంటుంది. చెట్లే ఆకలికి అండ అని రెండు శతాబ్దాల క్రితమే గుర్తించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లాండులో జన్మించాడు. ఎడింబరోలో వైద్యం అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చి, అక్కడ తోట పెంచి మిరియం, కాఫీ, దాల్చిన వంటి మొక్కలపై ప్రయోగాలు చేశాడు. 1787లో సంభవించిన ఉప్పెన ఆయన వ్రాతప్రతులను, మొక్కల నమూనాలను హరించింది. ఆయన అధైర్యపడక మళ్లీ సేకరణ ప్రారంభించాడు. భారతీయ చిత్రకారులచేత మొక్కల చిత్రాలు గీయించాడు. వాటి తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు.

అంతలో వానలు మొహం చాటేయగా, 1789–92 మధ్య ఘోరమైన కరవు వచ్చింది. ప్రజల అగచాట్లను కళ్లారా చూసిన రాక్స్‌బర్గ్, వరిపంట పోయినా ప్రాణం నిలిపే కొబ్బరి, తాటి, పనస, అరటి చెట్లను విరివిగా నాటాలని సూచించాడు.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 300 చిత్రాలతో ఆయన రచించిన గ్రంథం 1795–1820 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది. చివరి భాగం అచ్చయ్యేనాటికి ఆయన లేడు. 1815లోనే ఎడింబరోలో కన్నుమూశాడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడిగా లోకం గౌరవించే ఆ శాస్త్రవేత్తకు తొలి పాఠశాల మన గోదావరి సీమయే.