ఓలే ఎవిన్‌రూడ్: పడవకు మోటారు తగిలించిన మనిషి

వేటనుండి తిరిగివచ్చిన పడవ ఇసుకను తాకగానే మన కోస్తా జాలరులలో పలువురు వలతోపాటు మోటారును కూడ విప్పుకొని భుజాన వేసుకొంటారు. పడవను ఒడ్డున విడిచి పోవచ్చును గాని మోటారును విడిచి పోరాదు. దాని ధ్వనిలో తేడా వచ్చిననాడు ఇంటి అరుగుమీద గోనెపట్టా పరచుకొని, దాని అడుగుభాగాన్ని తామే విప్పుకొనేవారూ ఉన్నారు. నీటిలో మునిగి ఉండే ఆ భాగానికి లోయర్ యూనిట్ అని పేరు.

ఆ విప్పుటలో ఒక క్రమమున్నది. ముందు అడుగున ఉన్న మరచీలను, తరువాత పై మరచీలను తీసి గేరు ఆయిలును పళ్లెంలోకి దింపాలి. దిగిన నూనె పాలవలె తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినదని అర్థం. అందులో ఇనుపరజను మెరిస్తే గేర్ల పళ్లు అరుగుతున్నవని అర్థం. తరువాత ప్రొపెల్లరును తీయాలి. దానికీ పెట్టెకూ నడుమ ఇరుసుకు తెగిన గాలపు తాడు చుట్టుకొని, సీలును కోసివేసి ఉండటం తరచు కనిపించే దోషం. బోల్టులు విప్పితే యూనిట్ మొత్తం కిందికి జారి వస్తుంది. నిలువు ఇరుసుమీద నీటి పంపూ, అందులో రబ్బరు రెక్కల చక్రమూ కనిపిస్తవి. ఇంకా లోపలికి పోతే ఏటవాలు పళ్ల గేర్లూ, వాటిని సరియైన ఎడంలో నిలిపే షిమ్ములనే పలుచని రేకులూ ఉంటవి. ఏ రేకు ఏ చోటినుండి వచ్చినదో గుర్తుంచుకొనక తారుమారుగా బిగించినవానికి ఆ గేర్లు ఎక్కువకాలం నిలువవు.

ఇంత జాగ్రత్త ఎందుకు? ఇంజను పైన ఉండి నిలువు ఇరుసును తిప్పుతుంది. పడవ కదలాలంటే ప్రొపెల్లరు అడ్డపు ఇరుసుమీద తిరగాలి. నిలువున దిగివచ్చిన శక్తిని నీటి అడుగున మూల మలిపి అడ్డంగా నడిపించేవి ఆ గేర్లే. పైని చప్పుడంతా ఇంజనుది. పడవను నడిపే పని మాత్రం కంటికి కనబడని చోట జరుగుతున్నది. ఈ అమరికను లోకవ్యవహారంలో స్థిరపరచిన మనిషి ఓలే ఎవిన్‌రూడ్. అతని జీవితంలోనూ ఇటువంటి కనబడని శక్తి ఒకటి ఉండినది.

ఓలే 1877 ఏప్రిల్ 19వ తేదీన నార్వే దేశంలో జన్మించినాడు. అతని కుటుంబం 1882లో అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రంలో కేంబ్రిడ్జి గ్రామ సమీపాన, రిప్లీ సరస్సు దాపున వ్యవసాయానికి కుదురుకొన్నది. బడిలో అతడు చదివినది కొద్ది. పొలంలో పనిముట్లను బాగుచేయటంలోనే అతని మనస్సు నిలిచినది. కొడుకు సేద్యగాడు కావలెనని తండ్రి కోరిక. ఆ కోరికకు విరుద్ధంగా బాలుడు తన చేతులతో ఒక తెరచాప పడవను కట్టి రిప్లీ సరస్సులో నడిపినాడని అతని బాల్యాన్ని గూర్చి చెప్పుకొంటారు.

పదునారేండ్ల వయస్సున ఓలే మాడిసన్ పట్టణానికి పోయి యంత్రాల దుకాణంలో పనికి కుదిరినాడు. పగలు పని, రాత్రి సొంత చదువు. గురువులేని ఆ చదువులోనే ఇంజనీరింగు నేర్చుకొన్నాడు. పిట్స్‌బర్గు, చికాగో, మిల్వాకీ నగరాల యంత్రశాలల్లో చేయి తిరిగినవాడై, 1900లో మిల్వాకీలో ఒక భాగస్వామితో కలిసి ఇంజన్లు తయారుచేసే చిన్న సంస్థను నెలకొల్పినాడు. అది నిలువలేదు. తరువాతి ప్రయత్నాలూ చాలాకాలం సాగలేదు. యంత్రంలో దోషం ఎక్కడున్నదో ఇట్టే కనిపెట్టగల ఓలేకు లెక్కల పుస్తకంలోని దోషం కనబడేది కాదు. ఉత్తరాలకు జవాబు వ్రాయటం, రావలసిన సొమ్మును రాబట్టటం అతనికి చేతకాని విద్యలు.

ఆ విద్య తెలిసిన యువతి పొరుగునే ఉండినది. ఆమె పేరు బెస్ కేరీ. వాణిజ్య విద్య నేర్చుకొంటున్న ఆమె ఓలే ఉత్తరాలనూ, లెక్కలనూ తన చేతిలోకి తీసుకొన్నది. 1906లో వారిద్దరికీ వివాహమైనది.

ఆ సంవత్సరపు వేసవిలో జరిగినదని చెప్పే కథ ఒకటి ప్రసిద్ధం. ఒకౌచీ సరస్సులోని దీవిలో మిత్రులతో విందు జరుగుతూ ఉండగా బెస్‌కు ఐస్‌క్రీము తినవలెనని కోరిక కలిగినదట. ఓలే రెండున్నర మైళ్లు తెడ్లు వేసుకొంటూ అవతలి ఒడ్డుకు పోయి తెచ్చినాడు. తిరిగి వచ్చేసరికి ఐస్‌క్రీము కరగిపోయినది. కథకు మెరుగులు ఎన్ని దిద్దినా దిద్దవచ్చును. తెడ్డు వేసిన మనిషికి భుజాల నొప్పి మాత్రం నిజం. ఆ నొప్పినుండే ఆలోచన పుట్టినదని లోకం నమ్మినది.

పడవ వెనుక తగిలించే మోటారును మొట్టమొదట ఊహించినవాడు ఓలే కాడు. 1881లోనే గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి ఇంజనీరు సేన్ నదిలో విద్యుత్తు మోటారుతో పడవ నడిపినాడు. అమెరికాలోనే కేమరన్ వాటర్‌మన్ అనే యువకుడు తన పెట్రోలు మోటారుకు 1907లో పేటెంటు పొందినాడు. మరి ఓలే చేసినదేమిటి? సామాన్యుడు నమ్మి కొనగలిగి, తగిలించుకొని, విప్పుకొని, మోసుకొనిపోగల యంత్రంగా దానిని తీర్చినాడు. అడ్డంగా పరుండబెట్టిన సిలిండరు, నిలువు ఇరుసు, శిఖరాన చేతితో తిప్పే చక్రం, అడుగున గేర్ల పెట్టె: ఇదీ అతని అమరిక.

తొలి నమూనాను చూచి బెస్ అది కాఫీగింజలు విసిరే మరవలె ఉన్నదని నవ్వినదట. నవ్వి ఊరుకొనలేదు. దాని రూపు దిద్దవలెనని పట్టుపట్టినది. ఓలే దానిని ఒక మిత్రునికి ఎరువిచ్చి పంపగా, అతడు తనకు తెలిసినవారినుండి పది మోటార్లకు సొమ్ముతో సహా ఆర్డర్లు తెచ్చినాడని చెబుతారు. 1909లో అమ్మకాలు ఆరంభమైనవి. ఆ మోటారు బలం ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోలు. వెల 62 డాలర్లు. 1911లో పేటెంటు లభించినది. తెడ్లను ఇక పారవేయవచ్చునని ఊరించే ప్రకటనను బెస్ స్వయంగా వ్రాసినది. నార్వే, డెన్మార్కు దేశాల జాలరులకోసం ఆర్డర్లు రాసాగినవి. అయిదేండ్లనాడు వలసపోయిన పిల్లవాడు చేసిన యంత్రం అతని జన్మభూమికి సముద్రమార్గాన తిరిగిపోయినది.

1907లో రాల్ఫ్ అనే కుమారుడు పుట్టినాడు. ఒకవైపు పసిబిడ్డ, ఒకవైపు పెరుగుతున్న కార్యాలయం. బెస్ ఆరోగ్యం క్రుంగిపోయినది. అప్పుడు ఓలే చేసిన పని వ్యాపారబుద్ధికి విరుద్ధం. 1914 నాటికి తన వాటాను భాగస్వామి క్రిస్ మేయర్‌కు విక్రయించివేసినాడు. అయిదు సంవత్సరాలపాటు ఆ వ్యాపారంలో పోటీకి రానని ఒప్పుకొన్నాడు. సంస్థతోపాటు తన ఇంటిపేరును కూడ ఇచ్చివేసినాడు. భార్యను వెంటబెట్టుకొని దేశాటనకు బయలుదేరినాడు. ఎవిన్‌రూడ్ అనే పేరుగల మోటార్లు మిల్వాకీలో తయారవుతూనే ఉండినవి. ఆ పేరు గల మనిషికి వాటితో సంబంధం లేదు.

అతని చేతులు మాత్రం ఊరకుండలేదు. ఇనుముకు బదులు అల్యూమినియంను ఎక్కువగా వాడి, రెండు సిలిండర్లతో కొత్త మోటారును రూపొందించినాడు. దాని బలం మూడు అశ్వశక్తులు. బరువు 48 పౌనులు మాత్రమే. బలం రెట్టింపైనది, బరువు తగ్గినది. గడువు ముగిసిన తరువాత దానిని మేయర్‌కే చూపినాడు. మేయర్ వలదన్నాడు. ఓలే, బెస్ మరల తామే 1921లో సంస్థ స్థాపించినారు. కాని మోటారుకు ఏ పేరు పెట్టవలె? తన పేరును తానే వాడుకొనే హక్కు ఓలేకు లేదు. ఎవిన్‌రూడ్ వారి తేలికైన జంట అవుట్‌బోర్డు అనే అర్థమిచ్చే ఆంగ్లపదాల తొలి అక్షరాలను కూర్చి, ఎల్టో అని బెస్ నామకరణం చేసినది. అమ్ముడుపోయిన ఇంటిపేరు ఒక్క అక్షరంగా అందులో దాగినది.

ఎల్టో గెలిచినది. 1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్, లాక్‌వుడ్ అనే మూడు సంస్థలూ కలిసి ఒక్కటైనవి. ఓలే దానికి అధ్యక్షుడైనాడు. పదునైదేండ్లకు అతని పేరు అతనికి తిరిగి దక్కినది. కాని ఆ సంవత్సరమే ఆర్థిక మాంద్యం దేశాన్ని ముంచినది. బెస్ ఆరోగ్యం మరల కుదుటపడలేదు. 1933 మే నెలలో ఆమె మరణించినది. పదునాలుగు నెలలకు, 1934 జూలై 12వ తేదీన, 57 ఏండ్ల వయస్సున ఓలే మిల్వాకీలో కన్నుమూసినాడు. సంస్థ బాధ్యత కుమారుడు రాల్ఫ్ స్వీకరించినాడు. 1936లో జాన్సన్ మోటార్లు కూడ వచ్చి చేరి, అది ఆ రంగంలో మహాసంస్థ అయినది. 2000లో దివాలా తీసినది. వేరొకరి చేతిలో ఎవిన్‌రూడ్ పేరుతో తయారవుతూ వచ్చిన మోటార్లు 2020లో ఆగిపోయినవి.

పేరు పోయినది గాని పని పోలేదు. పెట్రోలుతో నడిచే అవుట్‌బోర్డు మోటారు నేడు ఏ దేశపుదైనా, ఏ కంపెనీదైనా, దాని అడుగుభాగాన్ని విప్పిచూస్తే సాధారణంగా నిలువు ఇరుసు గేరు అడ్డపు ఇరుసు గేరుతో పళ్లు కలిపి కనిపిస్తుంది. ఓలే తొలి మోటారులో వెనుకకు పోయే గేరు లేదు, తటస్థస్థానమూ లేదు; అవి తరువాతివారు చేర్చినవి. మూల మలుపు మాత్రం ఆనాటిదే.

ఆ మోటారును గూర్చి వ్రాసినవారందరూ ఓలేను తలచినారు. తలచవలసినదే. బెస్‌ను ఐస్‌క్రీము కథలో కోరిక కోరిన వధువుగానే చెప్పి విడిచినవారు మాత్రం సగం యంత్రాన్ని విప్పకుండానే మూతవేసినట్లు. పద్దులు వ్రాసినదీ, ప్రకటన కూర్చినదీ, పేరు పెట్టినదీ ఆమె. ఆమె అలసిపోయిననాడు ఓలే సంస్థనే విడిచిపెట్టినాడు. లేనిచో తన పని ముందుకు సాగదని అతనికంటె తెలిసినవారు లేరు.

అరుగుమీద గోనెపట్టాపై ఆ గేర్లను పరచి, సీలు మార్చి, రేకులను వాటి చోటనే పెట్టి, క్రొత్త నూనెను అడుగు రంధ్రంనుండి పైకి నింపి మూతవేసే జాలరికి వారిద్దరి పేర్లూ తెలియకపోవచ్చును. మరునాటి తెల్లవారుజామున అతని మోటారు సరిగా పలికితే చాలును.