సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్‌గారు - చక్కెర శుద్ధి

షోలాపురమున నేతపని చేయు తెలుగు పద్మశాలీలు నివసించు పేటలలో సాఖర్ పేట యొకటి. సాఖర్ అనగా మరాఠీలో చక్కెర. ఈ పట్టణముననే 1882 నవంబరు 23వ తేదీన, ప్రత్తి వ్యాపారము చేయు దిగంబర జైన కుటుంబమున సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ దోశీగారు జన్మించిరి. ఓడలు, విమానములు, మోటారుకార్ల విషయమున వారి పేరు అందరును ఎరుగుదురు. చక్కెర విషయమున వారు చేసిన పని జైన గృహముల వంటింటికి మిక్కిలి దగ్గరిది.

వాల్‌చంద్‌గారు బొంబాయి, పూనాలలో చదివి, పట్టా పొందకయే వ్యాపారమున దిగిరి. రైల్వే గుమాస్తాగా నుండిన లక్ష్మణరావు ఫాటక్‌గారితో భాగస్థులై రైలుమార్గముల కంట్రాక్టులు చేసిరి. 1919లో మిత్రులతో కలిసి సింధియా కంపెనీ స్థాపించిరి. ఆ కంపెనీ వారి లాయల్టీ అను ఓడ ఏప్రిల్ 5న బొంబాయినుండి లండనుకు బయలుదేరెను. 1941 జూన్ 21న విశాఖపట్టణమున వారి నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి.

వారి యౌవనమున తెల్లని చక్కెర చాలవరకు విదేశములనుండి వచ్చెడిది. పాశ్చాత్య కర్మాగారములలో పశువుల ఎముకలను కాల్చిన బొగ్గుతో చక్కెర రంగు తీయు పద్ధతి కలదు. చక్కెర దేనితో తెల్లబడినదో కొనువానికి తెలియదు, అమ్మువానికిని తెలియదు. ఆ సంగతి తెలుపు ముద్ర బస్తాపై లేదు. 1905 నాటి స్వదేశీ ఉద్యమమున ధర్మపరులనేకులు విదేశీ చక్కెరను మానుటకు ఈ శంక యొక కారణము.

1932లో దేశీయ చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టము వచ్చెను. వాల్‌చంద్‌గారు నాసిక్ జిల్లా రావళ్‌గాంవ్‌లో రాతినేలను చెరకుతోటగా మార్చి, 1933లో చక్కెర కంపెనీ నెలకొల్పిరి. పూనా జిల్లా కళంబ్ వద్ద మరియొక కర్మాగారము నెలకొల్పగా, ఆ ఊరు వాల్‌చంద్‌నగరమైనది. దేశీయ మిల్లులలో సాధారణముగా చెరకురసమును సున్నముతోను, గంధకపు పొగతోను తేర్చి నేరుగా తెల్ల చక్కెర చేయుదురు. ఎముకబొగ్గుతో పని లేదు. ఇట్టి చక్కెర విరివిగా దొరకుటచే పాత శంక చాలవరకు తొలగెను.

నేయి మొదలగువాని నాణ్యతకు 1937 చట్టముచే వచ్చిన ఆగ్‌మార్క్ ముద్రను వారు చూచిరి. 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపురమున వారు కాలధర్మమునొందిరి. తరువాత 2001లో శాకాహారమునకు ఆకుపచ్చ చుక్కయు, 2017లో సేంద్రియాహారమునకు జైవిక్ భారత్ గుర్తును వచ్చినవి. ఐనను ఆకుపచ్చ చుక్క జైనాహారమునకు సాక్ష్యము కాదు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప చేరిన సరుకునకును, తేనెకును ఆ చుక్క చెల్లును. సేంద్రియ గుర్తు ఎరువుల సంగతి, పురుగుమందుల సంగతి చెప్పునేగాని దుంపల సంగతి చెప్పదు. పదార్థముల మూలము వృక్షజమో జంతుజమో పూర్తిగా తెలుపవలెనని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించెను.

వాల్‌చంద్‌గారు చెరకు నాటుట మొదలు బస్తా కుట్టువరకు సరుకును తమ కంటియెదుట నుంచుకొనిరి. చిల్లర వర్తకునకు అంతటి వీలు లేదు. కాని సాఖర్ పేట కొట్టులోనైనను, హైదరాబాదు కొట్టులోనైనను, పర్యూషణ దినములలో ఒక వృద్ధమాత పొట్లము చూపి ఇది తినవచ్చునా యని అడిగినప్పుడు, చుక్కను చూపి ఊరకుండరాదు. వెనుకనున్న పట్టిక చదివి, టోకు వర్తకుని విచారించి చెప్పవలెను. తెలియనిచో తెలియదని చెప్పుటయు వర్తక ధర్మమే.