చేతివేళ్లతో చదువు చెప్పిన డాక్టరమ్మ

ఒక పిల్ల పాఠం వినగానే పట్టేస్తుంది. ఇంకో పిల్లాడికి నిదానంగా ఎక్కుతుంది. మరొకడు మళ్లీమళ్లీ చేసి చూసుకోవాలి. ముగ్గురికీ ఒకే పాఠం, ఒకే బెత్తం అంటే ఎలా? ఈ ప్రశ్నకు జీవితమంతా జవాబు వెతికిన మనిషి మరియా మాంటిస్సోరి. మన ఊళ్లలో స్కూలు బోర్డుల మీద కనిపించే పేరు ఈవిడదే.

1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో పుట్టింది. ఆడపిల్లకి టీచరు ఉద్యోగం చాలని ఇంట్లోవాళ్లు అనుకున్నా, పట్టుబట్టి రోమ్‌లో మెడిసిన్ చదివి 1896లో డాక్టరయింది. మానసిక వైద్యశాలలో పనిచేస్తున్నప్పుడు, బుద్ధి ఎదగలేదని పెద్ద రోగుల మధ్య పడేసిన పిల్లల్ని చూసింది. ఆ పిల్లలకి మందుకన్నా ముందు చేతికి పని కావాలని ఆవిడకి తోచింది. ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుల పుస్తకాలు చదివింది. చెక్కతో అక్షరాలు చేయించి పిల్లల చేత వేళ్లతో తడిమించింది. వాళ్లలో కొందరు మామూలు పిల్లల పరీక్షలు పాసయ్యారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆవిడకి మాత్రం దిగులు పట్టుకుంది. వీళ్లే ఇంత నేర్చుకుంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు బడిలో ఎందుకు వెనకబడుతున్నట్టు?

1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదలవాడలో పిల్లల ఇల్లు తెరిచింది. పనులకెళ్లే తల్లిదండ్రుల పిల్లలు, అందరూ చిన్నవాళ్లే. చిన్న కుర్చీలు, చేతికందే అల్మారాలు, గరుకు కాగితంతో చేసిన అక్షరాలు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని, తనివితీరా చేసుకోవచ్చు. వరస గుంటల్లో కొయ్య ముక్కలు అమర్చే పలక ఒకటి ఉంటుంది. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఓ ముక్క పట్టదు. తప్పేదో పిల్లవాడే తెలుసుకుంటాడు, టీచరు కసరక్కర్లేదు. టీచరు పని గమనించడం, అవసరమైనప్పుడే అందించడం.

ఊరి పిల్లలందరి గురించీ ఆలోచించిన ఈ తల్లి కన్నకొడుకుని మాత్రం దగ్గరుంచుకోలేకపోయింది. పెళ్లికాకుండా 1898లో పుట్టిన మారియో పల్లెటూళ్లో వేరేవాళ్లింట్లో పెరిగాడు. పదిహేనేళ్లప్పుడు తల్లి దగ్గరికి చేరాడు. చాలాకాలం అతణ్ణి కొడుకని లోకానికి చెప్పుకోలేకపోయింది.

1939లో ఇద్దరూ మద్రాసు అడయారుకి వచ్చారు. మరుసటేడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోని నిర్బంధించింది. ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకి అతణ్ణి విడిచిపెట్టారు. యుద్ధం ముగిసేదాకా ఇద్దరూ ఇక్కడే ఉండి, అడయారులో, కొడైకెనాల్‌లో ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో ఆవిడ కన్నుమూసింది.

ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాయించుకోవచ్చు. అందుకే పాపనో బాబునో చేర్పించేముందు తరగతిలోకి ఓసారి తొంగిచూడండి. ఆ కొయ్య ముక్కలు, ఆ అక్షరాలు పిల్లల చేతుల్లో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా?