డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: భాస్వరపు కొలత

ఆంధ్రదేశమున పుట్టిన శాస్త్రజ్ఞులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. పేదరికముతో పెనుగులాడుచు, మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవ యత్నమున కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. అయినను నిరుత్సాహపడక, మామగారి తోడ్పాటుతోను దాతల చేయూతతోను 1922లో అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు హార్వర్డులో చదువు సాగించిరి.

అచ్చట సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి, రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును, మరియొక రసాయనమును చేర్చిన నీలిరంగు పుట్టును. ఆ నీలిమ ఎంత చిక్కనిదైన భాస్వరము అంత హెచ్చు. ఈ సులభమైన పద్ధతి అనేక దేశముల ప్రయోగశాలలలో చిరకాలము వాడుకలో నుండెను.

పసిబిడ్డల ఎముకలకును ఈ కొలతకును దగ్గరి సంబంధము కలదు. సున్నముతోపాటు భాస్వరమును చేరిననే ఎముక గట్టిపడును. లేనిచో రికెట్సు వ్యాధి సోకి కాళ్లు వంగును. సాధారణముగా ఇందులకు కారణము డి విటమిను లోపము. కాని అరుదుగా కొందరు బిడ్డలకు ఎంత విటమిను ఇచ్చినను గుణము కానరాదు. అట్టి ఒక బాలికకు ప్రక్కటెముకయందలి కణితియే వ్యాధికి మూలమని 1959లో స్విట్జర్లాండు వైద్యుడు ఆండ్రియా ప్రాడరు ప్రకటించెను. కణితిని తొలగింపగా రికెట్సు నయమయ్యెను. ఇట్టి కణితులు ఎఫ్.జి.ఎఫ్.-23 అను పదార్థమును స్రవించుననియు, దానివలన భాస్వరము మూత్రమున వృథాగా పోవుననియు 2001లో తేలినది. కణితి మిక్కిలి చిన్నదై చేతికి తగలకపోవచ్చును. రక్తమున భాస్వరము తగ్గుటయే తొలి ఆనవాలు. వంశపారంపర్యముగను ఇట్లు తగ్గవచ్చును గనుక, అది కాదని తేల్చుకొని కణితిని వెదకుదురు.

సుబ్బారావుగారు పిమ్మట కండరములకు శక్తినిచ్చు భాస్వర పదార్థములపైనను, ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందులపైనను గొప్ప కృషి సలిపి, 1948 ఆగస్టులో న్యూయార్కున దివంగతులైరి. ప్రాడరు వైద్యుని ప్రకటనకు అప్పటికింకను 11 ఏండ్లు కలవు.

జహీరాబాదు ప్రాంతపు చదువరులకు ఒక మనవి. కాళ్లు వంగిన బిడ్డ నెలల తరబడి మందు వాడినను కోలుకొననిచో, దిష్టియనియు కర్మయనియు ఊరకుండవలదు. రక్తమున భాస్వరమెంత యున్నదో చూడుడని వైద్యుని అడుగుడు. ఆ ప్రశ్న అడుగుటకు వీలు కల్పించినవారిలో మన తెలుగువారొకరు.