ఆర్థర్ రాన్సమ్

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సును చీల్చుకొని పోవును. ఇరుప్రక్కల కనుచూపు మేర నీరు. ఆ నీటి నడుమ వేనాడు, ఇరకం మొదలగు దీవులు. అచటి జాలరుల బిడ్డలకు పడవ వింత వస్తువు కాదు. కాని ఒడ్డున నిలిచి దూరమున కదలు తెరచాపను చూచు తక్కిన పిల్లలకు, తామే పడవ నడపుకొని పోయి ఆ దీవిలో గుడారము వేసికొని నాలుగు దినములుండి రావలెనను కోరిక కలుగక మానదు. ఇట్టి కోరిక బాల్యముననే కలిగి, నలువదియైదేండ్ల వయస్సున దానిని కథగా వ్రాయ మొదలిడిన ఆంగ్ల రచయిత ఆర్థర్ రాన్సమ్.

రాన్సమ్ 1884వ సంవత్సరము జనవరి 18వ తేదీన ఇంగ్లండులోని లీడ్సు నగరమున జన్మించెను. తండ్రి సిరిల్ రాన్సమ్ చరిత్రోపాధ్యాయుడు. వేసవి సెలవులలో ఆ కుటుంబము ఉత్తరపు కొండలలోని కోనిస్టన్ సరస్సు దక్షిణపు కొనయందున్న నిబ్‌త్వైట్ అను పల్లెకు పోవుచుండెను. ఆ సరస్సు పొడవు అయిదు మైళ్లు, వెడల్పు అర మైలు. మన పులికాటు ముందు అది ఒక చెరువువంటిది. అయినను బాలునకు అదియే లోకము. పల్లె చేరగానే ఎవ్వరును చూడకుండ పరుగెత్తి ఆ నీట చేయి ముంచి వచ్చిన గాని అతనికి సెలవులు మొదలైనట్లు తోచెడిది కాదు.

తండ్రికి కుమారునిపై ప్రేమ లేకపోలేదు, ఓర్పు తక్కువ. ఈత మానవునకు సహజముగా వచ్చునేమో చూతమని ఆయన ఒకనాడు పిల్లవానిని పడవపై నుండి నీటిలోనికి విసరెను. పిల్లవాడు రాయివలె మునిగెను. పైకి తీసినప్పుడు తండ్రి ముఖమున కనబడిన నిరాశ అతని మనస్సున నాటుకొనెను. లీడ్సునకు మరలి వచ్చిన పిమ్మట అతడు తన చేతిఖర్చు డబ్బుతో స్నానశాలకు పోయి తనంతట తానే ఈత నేర్చుకొనెను. ఆ మాట చెప్పగా తండ్రి నమ్మలేదు. ఎదుట ఈది చూపవలసి వచ్చెను. 1897లో, ఆర్థర్ పదమూడేండ్లవాడై యుండగా, కాలి గాయము ముదిరి తండ్రి మరణించెను. ఆయనను మెప్పింపలేకపోతినను చింత కుమారుని విడువలేదు.

చదువు మధ్యలో విడిచి లండను చేరిన రాన్సమ్, పుస్తక ప్రకాశకుల యొద్ద చిన్న పనులు చేయుచు రచనకు పూనుకొనెను. 1903లో కోనిస్టన్ కొండవాగు చెంత ఆయనకు డబ్ల్యు. జి. కాలింగ్‌వుడ్ పండితుని స్నేహము లభించెను. ఈ పండితుడు ప్రసిద్ధ రచయిత రస్కిన్‌కు కార్యదర్శిగా నుండినవాడు. తండ్రి లేని యువకునకు ఆ యిల్లు స్వగృహమయ్యెను. ఆ యింటి పిల్లలతో కలసి స్వాలో అను పడవలో ఆయన తెరచాప విద్య నేర్చెను.

పిమ్మటి జీవితము సుఖముగా సాగలేదు. 1909లో చేసికొన్న వివాహము కలసిరాలేదు. 1910లో టాబిత అను కుమార్తె జన్మించెను. 1913లో రాన్సమ్ జానపద కథలు సేకరింప రష్యాకు పోయి, అచ్చటనే పత్రికా విలేఖరియై 1917 నాటి విప్లవమును కన్నులార చూచెను. ట్రాట్‌స్కీ కార్యాలయమున పనిచేసిన ఎవ్గేనియాను 1924లో వివాహమాడి, మరల సరస్సుల సీమకు చేరెను. టాబిత మాత్రము తల్లి యొద్దనే పెరిగెను. కన్నకూతురికి పడవ నేర్పు భాగ్యము ఆయనకు దక్కలేదు.

1928లో కాలింగ్‌వుడ్ కుమార్తె డోరా, భర్త ఎర్నెస్ట్ ఆల్టూన్యన్‌తోను అయిదుగురు బిడ్డలతోను కోనిస్టన్‌కు వచ్చెను. ఎర్నెస్ట్ సిరియాలోని అలెప్పోలో వైద్యుడు. బిడ్డల పేర్లు టాకీ, సూసీ, టిట్టీ, రోజర్, బ్రిజిత్. రోజర్‌కు అప్పటికి ఆరేండ్లయినను నిండలేదు. పెద్దలిద్దరును కలసి పిల్లల కొరకు రెండు పడవలు కొనిరి. ఒకదానికి పాత పడవ పేరే స్వాలో యని పెట్టిరి. రెండవదానికి టిట్టీ అసలు పేరైన మేవిస్ పేరు పెట్టిరి.

గాలికి ఎదురుగా తెరచాప పడవ తిన్నగా పోజాలదు. కొంత దూరము కుడికి, కొంత దూరము ఎడమకు వాలుగా పోవుచు ముందుకు సాగవలెను. వెనుక గాలి వీచునప్పుడు చాప కొయ్య హఠాత్తుగా ఒకవైపు నుండి మరియొకవైపునకు తిరిగి తల పగులగొట్టవచ్చును. ఇవన్నియు చేతికి చుక్కాని యిచ్చి నేర్పవలసినవే గాని మాటలతో వచ్చునవి కావు. నీటిలోనికి విసరివేయబడిన బాలుడు పెద్దవాడై, ఇట్లు పరుల బిడ్డలకు పడవ నేర్పు పనిలో పాలుపంచుకొనెను.

1929 జనవరిలో, ఆయన పుట్టినరోజునకు ఆ కుటుంబము ఎఱ్ఱని తురుష్క చెప్పులు కానుకగా నిచ్చి అలెప్పోకు మరలిపోయెను. ఆ వసంతముననే రాన్సమ్ కథ మొదలిడెను. అది 1930లో స్వాలోస్ అండ్ అమెజాన్స్ పేర వెలువడెను. అందు నలుగురు పిల్లలు తల్లి కుట్టిన గుడారములతో, తండ్రి తంతి ద్వారా ఇచ్చిన అనుమతితో, పడవపై దీవికి పోయి తామే వండుకొని యుందురు. వారిలో ముగ్గురి పేర్లు సూసన్, టిట్టీ, రోజర్. చెప్పులకు బదులుగా ఆ పుస్తకమును ఆల్టూన్యన్ కుటుంబమునకు అంకితమిచ్చెను. తరువాతి పుస్తకమున పెద్ద కుర్రవాడు గాలిని తక్కువగా తలచి పడవను బండకు కొట్టును. పిల్లల తప్పును రచయిత దాచలేదు, వారిని అందులకు అవమానింపనూ లేదు. ఇట్టివి మొత్తము పండ్రెండు పుస్తకములు వెలువడెను. వానిలో పిజియన్ పోస్ట్ అనునది 1936వ సంవత్సరమునకు కార్నెగీ పతకమును పొందెను. ఆ పతకము ఇచ్చుట అదియే మొదటిసారి.

కీర్తితోపాటు కలతయు వచ్చెను. కథలోని పిల్లలు ఆల్టూన్యన్ బిడ్డలే యని లోకము చెప్పుకొనుట ముసలితనమున ఆయనకు రుచింపలేదు. 1958 నాటి ముద్రణమున అంకితమును తీసివైచి, ఆ కథ కోనిస్టన్‌లోని తన బాల్యము నుండి పుట్టినదని వ్రాసెను. అది అసత్యము కాదు. కాని సత్యములో సగమే. ఆ బిడ్డల మనస్సునకు అది నొప్పి కలిగించి యుండునని మనము ఊహింపవచ్చును.

1967 జూన్ 3వ తేదీన రాన్సమ్ కన్నుమూసెను. కథలోని రోజర్‌కు పేరిచ్చిన బాలుడు వైద్యుడై, ఉబ్బసమునకు క్రొత్త మందు కనుగొనుటకు తానే ఉబ్బసరోగి గనుక తన ఊపిరితిత్తులమీదనే పరీక్షలు జరుపుకొని, 1987లో మరణించెను. మేవిస్ పడవను బాగుచేసి కోనిస్టన్‌లోని రస్కిన్ వస్తుప్రదర్శనశాలలో నుంచిరి. కథలోని అమెజాన్ పేరే దానికిప్పుడు పెట్టియున్నారు.