ముప్పదియైదేండ్ల మౌనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిసిసిపీ యను రాష్ట్రమున్నది. అందు కరోల్ కౌంటీలో, కొండలు దిగి పల్లపు నేల మొదలగు చోట, అవలాన్ అని ఒక కుగ్రామము. కొన్ని ఇండ్లు, ఒక అంగడి, చుట్టును ప్రత్తి చేలు. అంతకుమించి అచట చూడదగినది లేదు. ఒక కాలమున పటములు గీయువారు సైతము దానిని విడిచివేసినారు. అట్టి ఊరి పేరు నేడు దేశదేశముల సంగీతప్రియులకు తెలిసియున్నదనిన, అందుకు కారణము ఆ చేలలో కాయకష్టము చేసి బ్రతికిన ఒక నల్లజాతి గాయకుడు. ఆయన పేరు జాన్ హర్ట్.

హర్ట్ 1890ల తొలి యేండ్లలో, అవలాన్‌కు సమీపమున టియోక్ అను చోట పుట్టి, పసితనముననే అవలాన్ చేరినాడు. అమెరికాలో బానిసత్వము 1865లో చట్టరీత్యా రద్దయినది. రద్దయిన మాట నిజమే కాని, భూమి మాత్రము తెల్లదొరల చేతిలోనే నిలిచినది. నల్లవారు ఆ భూమినే పాలుకు దున్నుకొనవలెను. విత్తనమునకును తిండికిని ముందుగా అప్పు చేయవలెను. పంట వచ్చిన పిదప లెక్క చూచిన, చేతికి మిగులునది స్వల్పము. ఒక్కొక్క యేడు అదియు లేదు. అట్టి బ్రతుకులో హర్ట్ చదువు నాలుగవ తరగతితో ఆగినది. తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లి ఒకటిన్నర డాలరు పెట్టి ఒక గిటారు కొనియిచ్చినది. నేర్పుటకు గురువు లేడు. చెవియే గురువు.

గురువు లేకపోవుట ఒకందుకు మేలే అయినది. ఆయన వాదనము మరియొకరిని పోలినది కాదు. బొటనవ్రేలు లయ తప్పక మంద్రపు తీగల నడుమ అటునిటు నడుచుచుండగా, తక్కిన వ్రేళ్లు పైతీగలపై పాట వరుసను పలికించును. చూడక వినువారికి ఇద్దరు వాయించుచున్నట్లు తోచును. ఆ పల్లపు ప్రాంతపు బ్లూస్ గాయకులలో పలువురు గుండె చీల్చుకొన్నట్లు గొంతెత్తి పాడుదురు. హర్ట్ పాట అరుగు మీద ప్రక్కనున్నవానితో మాటలాడినట్లుండును. ఈ సౌమ్యతను చూచి ఆయన పాటలు పిల్లల పాటలనుకొనరాదు. వానిలో అసూయలున్నవి, హత్యలున్నవి, నిష్కారణముగా చచ్చినవాని కొరకు తల్లి పడు శోకమున్నది. ఇన్నిటిని ఆయన అదే మెత్తని గొంతుతో చెప్పును. కొన్ని పాటలు జనుల నోట వచ్చినవి, కొన్ని రైలుమార్గపు కూలీలవద్ద నేర్చినవి, కొన్ని ఆయన స్వయముగా కట్టినవి. పల్లెలో నృత్యములకు, విందులకు పాడుటయే తప్ప, సంగీతమును వృత్తిగా చేసికొనవలెనను తలంపు ఆయనకున్నట్లు కనబడదు.

పొరుగున విల్లీ నార్మోర్ అని ఒక తెల్లజాతి ఫిడేలు వాద్యకాడుండెను. అప్పుడప్పుడు హర్ట్ ఆయనకు ప్రక్కవాద్యము వాయించెడివాడు. ఓకే రికార్డుల కంపెనీవారు నార్మోర్‌ను వెదకికొని వచ్చినప్పుడు, ఆయన హర్ట్ పేరు చెప్పినాడు. 1928 ఫిబ్రవరిలో మెంఫిస్ నగరమున ఎనిమిది పాటలు తీసికొనిరి, వెలువడినవి రెండే. అదే యేడు డిసెంబరులో న్యూయార్కునకు పిలిపించి మరికొన్ని పాడించిరి. అమ్మకము కొరకు మిసిసిపీ జాన్ హర్ట్ అని పేరు పెంచినవారును వారే. రికార్డులు విరివిగా అమ్ముడుపోలేదు. మరుసటి యేడు దేశమును ఆర్థిక మాంద్యము చుట్టుకొన్నది. కంపెనీవారినుండి మరల పిలుపు రాలేదు. హర్ట్ అవలాన్‌లోనే మిగిలిపోయినాడు. సేద్యము చేసినాడు, కూలికి పోయినాడు, ఇతరుల పశువులు కాచినాడు. భార్య జెస్సీతో కాపురము సాగించినాడు. ఇట్లు ముప్పదియైదేండ్లు గడిచినవి.

ఆ నడుమ ఒక విశేషము జరిగినది, అది ఆయనకు తెలియదు. 1952లో హ్యారీ స్మిత్ అను సేకర్త అమెరికా జానపద సంగీతమునుండి ఎనుబదినాలుగు పాత రికార్డులను ఏర్చి ఒక సంపుటముగా వెలువరించినాడు. అందు హర్ట్ పాటలు రెండున్నవి. పట్టణముల విద్యార్థులు ఆ గిటారు విని, ఆ వ్రేళ్ల నడక పట్టుబడక తలలు పట్టుకొనిరి. పాడినవాడు ఏనాడో గతించియుండునని పలువురి నమ్మకము.

ఆచూకీ తెలిపినది మరియొకరు కాదు, ఆయన పాటయే. 1928లో న్యూయార్కున ఇంటి మీద బెంగతో కట్టిన అవలాన్ బ్లూస్ అను పాటలో, వాగ్గేయకారులు ముద్ర నిలిపినట్లు, తన ఊరి పేరు చెప్పుకొన్నాడు. వాషింగ్టనులోని రికార్డు సేకర్తలు డిక్ స్పాట్స్‌వుడ్, టామ్ హాస్కిన్స్ అనువారికి ఆ పాట ప్రతి దొరకినది. కొత్త పటములలో మిసిసిపీయందు అవలాన్ లేదు. 1878 నాటి అట్లాసులో ఉన్నది. 1963లో హాస్కిన్స్ కారెక్కి అచటికి పోయినాడు. అంగడివద్ద అడుగగా, ఆ బాటనే పోయి కొండమీది మూడవ తపాలాపెట్టెవద్ద ఆగుమని చెప్పిరి.

తలుపు తట్టిన ఆ తెల్ల యువకుని చూచి హర్ట్ భయపడినాడు. ప్రభుత్వ పోలీసులు తన్ను పట్టుకొనవచ్చినారనియే తలచినాడందురు. ఈ భయమును పల్లెటూరివాని అమాయకత్వమని నవ్వివేయుట తగదు. అంతకు కొద్ది నెలల ముందే, 1962 శరత్కాలమున, ఒక నల్లజాతి విద్యార్థిని విశ్వవిద్యాలయమున చేర్చుకొన్నందుకు అదే రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డ్‌లో అల్లరులు జరిగి ఇద్దరు మరణించిరి. చేరువనున్న గ్రీన్‌వుడ్‌లో ఓటర్లుగా పేరు వ్రాయించుకొనుటకై నల్లవారు ఆ రోజులలోనే పోరాడుచుండిరి. 1963 జూన్‌లో వారి నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను తన ఇంటి ముంగిటనే కాల్చి చంపిరి. అట్టి కాలమున ఉత్తరాదినుండి అపరిచితుడు వచ్చి పేరు చెప్పి పిలిచిన, పలుకుటకే గుండెనిబ్బరము కావలెను. ఇంట గిటారు లేదు. హాస్కిన్స్ తన గిటారు నందించినాడు. హర్ట్ వాయించెను, ఇక సందేహమునకు తావు లేదు.

వాషింగ్టనునకు పోయి 1963లోనే ఫోక్ సాంగ్స్ అండ్ బ్లూస్ అను రికార్డును పీడ్‌మాంట్ సంస్థకు ఇచ్చినాడు. పాత రికార్డును కొత్తదానిని వెంటవెంట వినిన ఒక సంగతి తెలియును. 1928 నాటి రికార్డు నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగును. ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పట్టును. ఆ గడువులో పాట ముగియవలెను గావున అచట తొందర కనబడును. 1963 నాటి దీర్ఘ రికార్డులో ఆ నిర్బంధము లేదు. పాట నింపాదిగా నడుచును, గొంతు కొంత బరువెక్కినది. వ్రేళ్లు మాత్రము అవే. యౌవనపు పాటల కంటె ఇవి తక్కువవని కొందరు సేకర్తల అభిప్రాయము. నాకట్లు తోచదు. తొందర పోయిన చోట పదమునకు నీడ చేరినది.

ఆ జులైలో న్యూపోర్టు జానపద గానోత్సవమున, తలపై గోధుమరంగు టోపీతో, వేలమంది యెదుట కుర్చీలో కూర్చుండి, అవలాన్ అరుగుమీద పాడినట్లే పాడినాడు. కాంగ్రెసు గ్రంథాలయమువారు ఆయన పాటలను భద్రపరచుకొనిరి. కళాశాలలు, కాఫీ హోటళ్లు, టెలివిజను ఆయనను పిలిచినవి. వినవచ్చినవారిలో అధికులు తెల్లజాతి విద్యార్థులే. ఆయన జాతి యువకులు ఆనాడు వేరు సంగీతమును కోరుచుండిరి. 1966లో వాన్‌గార్డు సంస్థ టుడే అను రికార్డును వెలువరించినది. 2009 సంవత్సరపు జాబితాలో కాంగ్రెసు గ్రంథాలయము దానిని జాతీయ ధ్వనిముద్రణ భాండాగారమున చేర్చినది.

ఈ రెండవ గాన జీవితము మూడేండ్లు మాత్రమే. హర్ట్ మిసిసిపీకే మరలివచ్చి, 1966 నవంబరు 2న గ్రెనడా పట్టణమున హృద్రోగముతో కన్నుమూసినాడు. ఆయన సమాధి అవలాన్ కొండమీది చెట్ల నడుమ నున్నది. ఆయన నివసించిన చిన్న చెక్కయింటిని తరువాత ప్రదర్శనశాలగా కాపాడుకొనిరి. 2024 ఫిబ్రవరిలో అది అగ్నికి ఆహుతి అయినది.