గుట్టను పైకి లేపిన కాంతి

గిన్నె అడుగున రూపాయి బిళ్ల వేసి, నీళ్లు పోసి చూడండి. బిళ్ల పైకి తేలినట్టు, దగ్గరగా, కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది. అదే వక్రీభవనం.

ఈ వంపును లెక్కలోకి తెచ్చుకున్న మనిషి జార్జ్ ఎవరెస్ట్. 1790లో పుట్టి, పదహారేళ్లకే భారతదేశం వచ్చారు. 1818లో హైదరాబాదులో లాంబ్టన్ దొర భూమి కొలతల పనిలో చేరారు. మరుసటి ఏడు వానాకాలంలో మన గోదావరికీ కృష్ణకూ నడుమ ఉన్న అడవుల్లో కొలతలు తీస్తూ తీవ్ర జ్వరాన పడ్డారు. వెంట ఉన్న పనివాళ్లలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1823లో లాంబ్టన్ మరణించాక ఆ భారమంతా ఎవరెస్ట్‌పై పడింది.

గాలిలోనూ కాంతి వంగుతుంది. రాత్రి నేల చల్లబడి దాని దగ్గరి గాలి చిక్కబడితే, పగలు కనబడని దూరపు గుట్ట పైకి లేచినట్టు కనిపిస్తుంది. అందుకే ఆయన దూరాన దీపాలు పెట్టించి రాత్రివేళ కొలిపించారు. అయితే ఎత్తు కట్టేటప్పుడు ఆ వంపును తీసివేయక తప్పదు.

ఆయన పనిలోకి తీసుకున్న రాధానాథ్ సిక్దార్ వంటి గణితజ్ఞులు ఈ సవరణతోనే హిమాలయ శిఖరం ఎత్తు లెక్కించారు. 1856లో వెల్లడైన ఆ అంకె 29,002 అడుగులు. 2020లో ప్రకటించినది సుమారు 29,032. తేడా 30 అడుగులే! 1865లో ఆ శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

కన్ను చూపినదంతా నిజమనుకోకండి. కన్ను ఎంత పొరబడుతుందో తెలిస్తే, దానితోనే నిజాన్ని కొలవవచ్చు.